పిక్కా, వేళ్లా? బేస్ గిటార్ మీటడంలో అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు బేస్ గిటార్ పట్టేవాళ్లలో చాలామంది ఆదివారం చర్చిలోనో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనో నేర్చుకుంటారు. మొదటి వారంలోనే ఎవరో ఒకరు "పిక్‌తో (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కతో) వాయిస్తే అది బేసే కాదు" అనో, "వేళ్లతో స్పీడు రాదు" అనో తేల్చి చెప్పేస్తారు. ఆ మాట పట్టుకుని సగం వాయిద్యం వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు. అది మనసుకు కష్టంగా ఉంటుంది.

అపోహ: అసలైన బేస్ అంటే వేళ్లతోనే.

1951లో గిటార్ల తయారీదారు లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ అనే గిటార్‌కు సన్న తీగ పక్కన ఒక పట్టీ ఉండేది. వేళ్లు దానికి ఆనించి బొటనవేలితో మీటడం కోసం అది. 1960ల్లో డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో వాయించారు. అదే కాలంలో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కెరోల్ కే పిక్‌తో వాయించారు. ఇద్దరి వాయింపునూ ఇప్పటికీ పాఠంగా వింటారు. బొబ్బిలి వీణ మన దగ్గరిదే కదా. గోటితో మీటే వైణికులున్నారు, వేలికి తీగచుట్టు తొడుక్కుని మీటేవాళ్లూ ఉన్నారు. ఎవరు వాయించినా అది వీణే.

అపోహ: పిక్ శబ్దం గరుకు, వేలి శబ్దం మెత్తన.

ఇందులో సగం నిజం ఉంది. తీగను వదిలే అంచు సన్నగా, గట్టిగా ఉంటే హార్మోనిక్స్ (అసలు స్వరంతోపాటు పుట్టే పై స్థాయి నాదాలు) ఎక్కువ పుడతాయి. వేలి కొన వెడల్పుగా, మెత్తగా ఉండి వాటిని అణిచేస్తుంది. అయితే తీగను ఎక్కడ మీటారన్నది కూడా అంతే ముఖ్యం. బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర మీటితే పదును, నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి మెడ) చివర మీటితే నిండుదనం. ఒకే స్వరాన్ని పిక్‌తో బ్రిడ్జికి రెండంగుళాల దూరంలో, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఆరంగుళాల దూరంలో మీటి వినండి. బ్రిడ్జి పక్కన వేళ్లతో మీటిన దానికన్నా, నెక్ చివర పిక్‌తో మీటింది మెత్తగా ఉండొచ్చు.

ఇంకా మెత్తన కావాలంటే టోన్ నాబ్ సగానికి తిప్పండి. బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చండి. స్వరం పొట్టిగా, గుండ్రంగా వస్తుంది. స్పాంజి తీగను పైకి నెట్టకూడదు, తగిలితే చాలు. రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన, గరుకైన) తీగల మీద పిక్‌ను ఏటవాలుగా పడితే గీరుడు శబ్దం వస్తుంది. అది నచ్చకపోతే పిక్‌ను తీగకు సమాంతరంగా తిప్పుకోండి, లేదా ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టిన, నునుపైన) తీగలు వేయించండి.

అన్నిటికన్నా లావైన నాలుగో తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. హార్మోనిక్స్‌ను బట్టే చెవి ఆ స్వరాన్ని పోల్చుకుంటుంది. మీ వాయింపు వీడియో చూసేవాళ్లు ఎక్కువగా ఫోన్లోనే వింటారనుకుంటే, పిక్ వైపే మా మొగ్గు.

అపోహ: పిక్‌తో వాయిస్తే మిగతా తీగల మోత ఆపలేం.

జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. బేస్‌లో గజిబిజి అనిపించేదాంట్లో ఎక్కువ భాగం మీటని తీగలు మోగడం వల్లే. విజయనగరం సిరిమానోత్సవం జాతర రోజుల్లో వేసే స్టేజీల్లాంటి చోట, పక్కనే పెద్ద సబ్‌వూఫర్లు ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్న మూడో తీగ దానంతటదే 55 హెర్ట్జ్ దగ్గర కంపించి హోరు పెడుతుంది. సౌండ్ ఆపరేటరు బేస్ మొత్తాన్ని తగ్గించేస్తాడు. తప్పు చేతిది, కోత మాత్రం శబ్దానికి.

వేళ్లతో వాయించేటప్పుడు బొటనవేలు కదులుతూ ఉండాలి. మూడో తీగ మీటుతుంటే అది నాలుగో తీగ మీద ఉండాలి. రెండో తీగకు వెళ్తే మూడో దాని మీదకు జరిగి, పక్క భాగంతో నాలుగో దాన్నీ తాకాలి. మొదటి తీగకు వెళ్లినప్పుడు ఇంకాస్త కిందికి. మీటిన వేలు పై పక్క తీగకు ఆనుకుని ఆగితే అదీ మూగబోతుంది. బొటనవేలిని పికప్ (తీగల కింద శబ్దం అందుకునే భాగం) మీదే పాతేసినవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

పిక్ పట్టినప్పుడు ఆ పని అరచేతి అంచుది, ఎడమచేతిది. అరచేతి చిటికెనవేలి వైపు అంచును బ్రిడ్జి శాడిళ్ల (తీగలు ఆనే చిన్న దిమ్మెల) మీదే ఆనించండి. అర అంగుళం ముందుకు జరిపితే స్వరం టప్‌మని పొట్టిగా వస్తుంది, ఇంకా జరిపితే శ్రుతే వినపడదు. నొక్కని ఎడమ వేళ్లను సన్న తీగల మీద తేలిగ్గా పరిచి ఉంచండి. మీటి, ఒక్కసారిగా ఆపి వినండి: ఇంకా ఏదైనా మోగుతుంటే ఏ తీగో వెతికి, దాన్ని ఏ వేలితో ఆపాలో ముందు తేల్చుకోండి.

అపోహ: వేళ్లతో వేగం రాదు.

120 టెంపోలో (నిమిషానికి 120 దెబ్బలు) పదహారో వంతు స్వరాలంటే, దెబ్బకు నాలుగు చొప్పున, సెకనుకు 8. చూపుడువేలు, మధ్యవేలు వంతులవారీగా మీటితే ఒక్కో వేలికి నాలుగే. ఆగిపోయేది వేగం వల్ల కాదు, రెండు వేళ్ల బలం సమంగా లేక. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, రెండు వేళ్ల శబ్దం ఒకేలా వినిపించాకే టెంపో నాలుగు చొప్పున పెంచండి. పిక్‌కూ ఇదే జబ్బు ఉంది: పైకి మీటినది కిందికి మీటినదానికన్నా పలచగా వస్తుంది.

అపోహ: గట్టిగా మీటితేనే బేస్ వినిపిస్తుంది.

గట్టిగా మీటితే తీగ ఫ్రెట్లకు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకు) కొట్టుకుంటుంది, మొదట్లో శ్రుతి కాస్త పైకి పోతుంది. చేయి తేలికచేసి ఆంప్ (ఆంప్లిఫయర్) శబ్దం పెంచండి.

అపోహ: ఏ పిక్ అయినా ఒకటే.

0.73 మి.మీ. పిక్ లావు తీగ మీద వంగిపోయి, స్వరం ఆలస్యంగా వదులుతుంది. 1 నుంచి 1.5 మి.మీ. మధ్య మొదలుపెట్టండి. వేళ్ల మధ్యనుంచి కొన 4-5 మి.మీ. మాత్రమే బయటికి ఉండాలి. తీరం ఉక్కలో చెమటకు పిక్ జారిపోతుంది. పట్టుకునే చోట గరుకు కాగితంతో గీరుకోండి, కొన జోలికి పోకండి.

అపోహ: ఏదో ఒకటే ఎంచుకోవాలి.

పాటను బట్టి మార్చుకోవచ్చు. చిక్కల్లా శబ్దం హెచ్చుతగ్గుల్లో. అందుకే సౌండ్ చెక్‌లో రెండు పద్ధతుల్లోనూ వాయించి చూపించండి. పిక్ ఎక్కువ వినిపిస్తే ఆ పాటలకు గిటార్ వాల్యూమ్ నాబ్ ఎంత తగ్గించాలో అప్పుడే గుర్తుపెట్టుకోండి. పాట మధ్యలో మార్చాల్సి వస్తే మైకు స్టాండుకు పిక్ హోల్డర్ బిగించి, అందులో ఒకటి ఎక్కువే పెట్టుకోండి. చీకట్లో కింద పడిన పిక్ పాట అయ్యేదాకా దొరకదు.