ఉక్కపోత ఊరిలో ఓవర్‌క్లాకింగ్: ప్రాసెసర్ ఎంపికలో అపోహలు - వాస్తవాలు

విశాఖలో కంప్యూటర్లు అమర్చి ఇవ్వడం నా పని. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను తయారీదారు పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) సరదాతో వచ్చే కుర్రవాళ్లు చాలామంది ప్రాసెసర్ పేరు ముందే ఖాయం చేసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దమంటారు. నేనైతే ముందు గది గురించి అడుగుతాను. ఆ తర్వాత కూలర్, బోర్డు. ప్రాసెసర్ సంగతి చివర్లో.

అపోహ: ఐ7 కొంటే చాలు, వేగం పెంచుకోవచ్చు.

ఇంటెల్ చిప్‌కు పేరు చివర ఉన్న అక్షరం చూడాలి. కె, కెఎఫ్, కెఎస్ అని ఉన్నవాటికే మల్టిప్లయర్ (బోర్డు ఇచ్చే మూల వేగాన్ని చిప్ ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) తాళం తీసి ఉంటుంది. ఒక్క ఎఫ్ మాత్రమే ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. చిప్ ఒక్కటే సరైనదైతే సరిపోదు, బోర్డు జెడ్ శ్రేణిది కావాలి. 14600కెను బి760 బోర్డు మీద పెడితే మెమరీ వేగం పెంచుకోవచ్చు గానీ కోర్ల మల్టిప్లయర్‌ను పైకి జరపలేరు. అయినా కొటేషన్ కాగితాల మీద ఈ జోడీ ఎన్నిసార్లు చూశానో! కె చిప్‌కు అదనంగా పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా.

ఏఎండీ ఇక్కడ ఉదారంగా ఉంటుంది. డెస్క్‌టాప్ రైజెన్లు దాదాపు అన్నింటికీ తాళం ఉండదు. బోర్డు బి లేదా ఎక్స్ శ్రేణిది అయితే చాలు. ఏ520, ఏ620 బోర్డులతో మాత్రం ఆ ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: ఎక్స్‌3డీ చిప్‌లను ఓవర్‌క్లాక్ చేయలేము.

ఇవి అదనపు క్యాష్ (కోర్లకు దగ్గరగా ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) పొర ఉన్న రైజెన్ చిప్‌లు. పై మాట ఒకప్పుడు నిజమే. 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డీకి తాళం వేశారు. అదనపు క్యాష్ పొర కోర్ల నెత్తిన కూర్చుని వేడిని పైకి పోనిచ్చేది కాదు. 2023 నాటి 7800ఎక్స్‌3డీలోనూ మల్టిప్లయర్ ముట్టుకోనివ్వలేదు, కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజిని సర్దుకునే ఏఎండీ సౌకర్యం) వరకే అనుమతి. 2024లో వచ్చిన 9800ఎక్స్‌3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చి తాళం తీసేశారు. అలాగని ఆటల కోసం కొనేవారు దీని మల్టిప్లయర్‌తో కుస్తీ పట్టడం నాకు నచ్చదు. దాని బలమంతా ఆ క్యాష్‌లోనే ఉంది.

అపోహ: వేగం పెంచిన కొద్దీ అంత లాభం.

1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించి ఉండేది. బస్సు వేగాన్ని (బోర్డు ఇచ్చే ఆ మూల వేగాన్ని) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చిప్ 300 నుంచి 450కి ఎగబాకేది. ఉచితంగా యాభై శాతం! ఆ రోజుల కథలు వినే చాలామంది ఈ సరదాలోకి దిగుతారు. ఇప్పుడు ఆ మిగులును తయారీదారే వాడేసుకుంటున్నాడు. ఐ9-14900కె ఎవరి సాయమూ లేకుండానే 6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. మనకు మిగిలేది మహా అయితే వంద, రెండు వందల మెగాహెర్ట్జ్.

దానికి చెల్లించే మూల్యం చూడండి. చిప్ తినే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గం చొప్పున పెరుగుతుంది. 5 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుంచి 5.3 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు వెళ్లారనుకుందాం. వేగం ఆరు శాతం పెరిగింది, విద్యుత్తు సుమారు 34 శాతం పెరిగింది. అందుకే రైజెన్ తీసుకున్నవారికి నేను వోల్టేజి తగ్గించే దారి చూపిస్తాను. కర్వ్ ఆప్టిమైజర్‌లో రుణాత్మక విలువ ఇస్తే చిప్ చల్లబడి, తనంతట తానే ఎక్కువ వేగం అందుకుంటుంది.

అపోహ: ఖరీదైన కూలర్ ఉంటే గది వేడితో పని లేదు.

మన ఊరికి సంబంధించినంత వరకు అసలు విషయం ఇదే. గాలితో పనిచేసేదైనా, నీళ్లు తిరిగేదైనా, మామూలు కూలర్ ఏదీ చిప్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. 22 డిగ్రీల గదిలో పరీక్షించి 82 డిగ్రీలు వచ్చిందని రాసిన సమీక్షను నమ్మి కొంటారు. మే నెలలో గాజువాకలో ఏసీ లేని పై అంతస్తు గది 34 డిగ్రీలు ఉంటే, అదే లోడుకు అదే చిప్ 94కు చేరుతుంది. రైజెన్ 9000 శ్రేణిలో చాలా చిప్‌లకు గరిష్ఠ పరిమితి 95. ఇక పెంచడానికి చోటేదీ?

అయితే చిల్లర్ పెట్టి నీటిని చల్లబరుస్తానని ఒకరిద్దరు అడిగారు. వద్దన్నాను. వేసవిలో మన తీరంలో గాలి ఎంత తడిగా ఉంటుందంటే, 25 డిగ్రీలున్న వస్తువు మీద కూడా చెమ్మ పట్టే రోజులుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే సాకెట్ చుట్టూ నీటి చుక్కలు పడతాయి.

సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. ఉప్పు గాలికి కూలర్ రేకులు తెల్లబారతాయి, ర్యామ్ కాంటాక్టులు మసకబారతాయి. కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే ఓవర్‌క్లాక్‌ను తిట్టుకునే ముందు ర్యామ్ తీసి, ఆ బంగారు పళ్లను రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టండి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.

అపోహ: ఒకే మోడల్ చిప్‌లన్నీ ఒకేలా పెరుగుతాయి.

పెరగవు. స్నేహితుడి సెట్టింగులు ఫోటో తీసుకుని దించేయకండి.

అపోహ: సినీబెంచ్ పది నిమిషాలు ఆడితే స్థిరపడినట్టే.

సినీబెంచ్ ప్రాసెసర్ పనితనాన్ని పూర్తి లోడులో కొలిచే ప్రోగ్రాం. వోల్టేజి తగ్గించిన చిప్ పూర్తి లోడులో బాగానే నడిచి, ఊరికే ఉన్నప్పుడో ఒక్క కోరు మీద తేలికపాటి పని పడినప్పుడో పడిపోవచ్చు. అందుకే కోర్‌సైక్లర్ అనే పరీక్ష ప్రోగ్రాంతో కోరుకోరునూ విడిగా, వై-క్రంచర్ అనే మరోదానితో అన్నింటినీ కలిపి పరీక్షిస్తాను. డిసెంబరు రాత్రి నెగ్గిన సెట్టింగును వేసవి మధ్యాహ్నం మళ్లీ పరీక్షించకుండా నమ్మను.

అపోహ: తాళం తీసి అమ్మారు కాబట్టి వారంటీ వర్తిస్తుంది.

ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టం ఇంటెల్, ఏఎండీ రెండింటి మామూలు వారంటీ పరిధిలోకీ రాదు.

పాత చిప్ చవకగా దొరుకుతోందని కొనేవారికి మరో మాట. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లలో అవసరానికి మించిన వోల్టేజి వల్ల కొన్ని దెబ్బతిన్నాయి. దీన్ని అరికట్టడానికి ఇంటెల్ 2024 ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ (బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చే చిప్ నియంత్రణ కోడ్), ఆ తర్వాత 0x12బి విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ బయోస్ అప్‌డేటూ బాగుచేయదు. అమ్మేవాడు బయోస్‌ను ఎప్పుడు మార్చాడో అడగండి, బిల్లు చూడండి, మీ ఎదుటే గంటసేపు పరీక్ష నడపమనండి. ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి.