ఒకే సంకేతంతో రోబోల గుంపును నడపడం: అపోహలు - వాస్తవాలు

చిన్న రోబోల గుంపును నడపడం నా పని. ఒక్కొక్క దానికి విడిగా ఆదేశం పంపే వీలు లేనప్పుడు, అన్నింటికీ ఒకేసారి అందే వెలుతురుతోనో, ఇన్‌ఫ్రారెడ్ సందేశంతోనో, అయస్కాంత క్షేత్రంతోనో వాటిని గమ్యం చేర్చాలి. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలివి.

అపోహ: సంకేతం ఒకటే కనుక రోబోలన్నీ ఒకేలా కదులుతాయి.

వాస్తవం: హార్వర్డ్‌లో రూపొందిన కిలోబాట్‌ను చూడండి. 33 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ రోబో రెండు కంపన మోటార్ల అదురుతో సన్నని కాళ్లపై జరుగుతుంది. సందేశం ఒకటే అయినా, మోటార్లలోని తేడాల వల్ల ఒకటి తిన్నగా వెళ్తే మరొకటి పక్కకు ఒరిగిపోతుంది. ఈ తేడాలను పూర్తిగా తుడిచివేయాలని నేను మొదట్లో చాలాకాలం శ్రమపడ్డాను. అది పొరపాటు. రోబోలన్నీ ఒకే దిశలో ఒకే దూరం కదిలితే, అడ్డులేని చోట ఎంతసేపు నడిపినా వాటి మధ్య దూరాలు మారవు. అమరిక మారాలంటే ఏదో ఒక అసమానత కావాలి. ఆరన్ బెకర్ వంటి పరిశోధకులు ఆ అసమానతనే పనిముట్టుగా మలచుకున్నారు: గోడకు ఆనిన రోబో ఆగిపోతుంది, ఆననిది ముందుకు సాగుతుంది, ఆ కాస్త తేడాతోనే వాటిని కోరిన అమరికలోకి తేవచ్చు.

అపోహ: ప్రతి రోబో ఎక్కడుందో తెలియాలి.

వాస్తవం: గుంపుతో ఒక వస్తువును నెట్టించడం వంటి పనులకు సగటు స్థానం, దాని చుట్టూ గుంపు ఎంత చెదిరిందన్న లెక్క, ఈ రెండూ చాలు. చెదురు హద్దు మీరినప్పుడు గుంపును ఒక మూలకు తోలి, దగ్గరపడ్డాక మళ్లీ పనికి మళ్లిస్తాము.

అపోహ: అయస్కాంత క్షేత్రం సూక్ష్మజీవులను లాక్కుపోతుంది.

వాస్తవం: రోబోల బదులు ఈదే బ్యాక్టీరియానూ ఇలాగే ఒకే క్షేత్రంతో నడపవచ్చు. కానీ అంతటా ఒకే తీవ్రత గల క్షేత్రం లాగదు, తిప్పుతుంది. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ వివరించిన అయస్కాంత బ్యాక్టీరియాలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజ రేణువుల గొలుసు దిక్సూచి ముల్లులా దేహాన్ని తిప్పుతుంది. అవి ఈదేది మాత్రం తోకల్లాంటి తమ కశాభాలతోనే. మాంట్రియల్‌లోని సిల్వేన్ మార్టెల్ బృందం అటువంటి బ్యాక్టీరియాతో ఎలుకల కణితులలోకి మందు మోయించి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించింది. క్షేత్రం దారి చూపగా, ఆక్సిజన్ తక్కువగా ఉన్న లోపలి భాగాలను అవి తమ సహజగుణంతో వెతుక్కున్నాయి. గరిష్ఠంగా 55 శాతం అక్కడికి చేరాయి. సంకేతానికి ఎంత పని అప్పగించాలి, జీవికి ఎంత వదలాలి అన్న విభజన నాకు ఇంత అందంగా మరెక్కడా కనిపించలేదు.

అపోహ: పైనుంచి సంకేతం వస్తే స్వతంత్రత లేనట్లే.

వాస్తవం: 2014లో 1,024 కిలోబాట్లు నక్షత్రం వంటి ఆకారాలుగా అమరినప్పుడు, పైనుంచి అందినవి ప్రోగ్రామూ, ఆకారపు పటమూ మాత్రమే. ఆ తరువాత దాదాపు 12 గంటలపాటు, నాలుగు రోబోలను ఆధారంగా పెట్టుకొని, మిగిలినవి గుంపు అంచు వెంట నడుస్తూ, పొరుగువాటి దూరాలను కొలుచుకుంటూ తమ చోటును తామే నిర్ణయించుకున్నాయి.