బుజ్జి అడిగిన పిచ్చిగీతల సంగతి

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఆదివారం బుజ్జి ఫోన్లో అడిగింది కదా, "తాతయ్యా, నువ్వు పంపిన పాటల ఫైల్లో అన్నీ పిచ్చిగీతలే ఉన్నాయి, అది కన్నడమా?" అని. నేను చెప్పడం మొదలెట్టేసరికి మీ అమ్మ అన్నానికి పిలిచేసింది, మాట మధ్యలో ఆగిపోయింది. అప్పట్నుంచీ నాకు మనసులో అదే తిరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

కన్నడం కాదమ్మా, అది తెలుగే. ఒక్క అక్షరం కూడా చెడిపోలేదు. మీ నాన్న లాప్‌టాప్ దాన్ని వేరే పట్టిక పెట్టుకుని చదివింది, అంతే.

పట్టిక ఏంటంటారా? మీరు టెలిగ్రాం చూడలేదు, 2013 జూలైలో మన దేశంలో ఆపేశారు. ఇంట్లో పెళ్లైనా ఎవరికైనా పిల్లలు పుట్టినా టెలిగ్రాంతో శుభాకాంక్షలు పంపేవాళ్లం, అయితే మాటలన్నీ పంపక్కర్లేదు. పోస్టాఫీసులో ఒక పట్టిక ఉండేది, ఒక్కో శుభాకాంక్షకి ఒక్కో నంబరు. మనం ఫారం మీద నంబరు రాసిస్తే తీగ మీద ఆ నంబరే వెళ్తుంది, అవతలి ఊళ్లో వాళ్లు అదే పట్టిక తీసి ఆ నంబరుకి ఎదురుగా ఉన్న వాక్యం రాసి ఇంటికి పంపిస్తారు. చూశారా, తీగలో వాక్యం లేదు, ఉన్నది నంబరే. వాక్యం రెండు వైపులా పట్టికలో ఉంది.

మా నాన్న తపాలాఫీసులో గుమాస్తా. ఆ పట్టిక ఇంట్లో కూడా ఉంటే బాగుంటుందని నాతో కాపీ చేయించాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను గానీ పైన ఎక్కడో ఒక వరస వదిలేశాను, దాంతో కింద నంబర్లన్నీ ఒకటి తగ్గిపోయాయి. ఆ మాఘమాసంలో మా పెదనాన్న కూతురి పెళ్లికి వెళ్లలేకపోయాం, నాన్న జ్వరంతో మంచం మీద ఉన్నాడు. నా కాగితం చూసే నంబరు చెప్పాడు, నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను. అక్కడ పెళ్లిపందిట్లో ఏం చదివారో తెలుసా, "మీకు లభించిన గౌరవానికి అభినందనలు" అని. మేం దెప్పిపొడుస్తున్నాం అనుకున్నారు, పెదనాన్న ఏడాది పాటు మా ఇంటికి రాలేదు. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం ఇచ్చి మళ్లీ రాయమన్నాడు, ప్రతి వరసకీ వేలు పెట్టి చూసుకుంటూ. ఇప్పటికీ ఏదైనా ఎక్కించి రాసేటప్పుడు నా వేలు దానంతటదే కాగితం మీదికి వెళ్తుంది.

ఇప్పుడు మన ఫైల్ సంగతి. కంప్యూటర్ ఫైల్లో కూడా అక్షరాలుండవు, 0 నుంచి 255 దాకా నంబర్లుంటాయి, వాటినే బైట్లంటారు. 'అమ్మ' అని నేను టైప్ చేస్తే ఫైల్లో పడేవి ఇవి: 224 176 133, 224 176 174, 224 177 141, 224 176 174. మొత్తం పన్నెండు. మొదటి మూడూ అ, తర్వాతి మూడూ మ, ఆ తర్వాతవి పొల్లు, చివరివి మళ్లీ మ. ఈ పట్టిక పేరు యూటీఎఫ్-8. మీ నాన్న లాప్‌టాప్ మాత్రం పడమటి దేశాల పాత పట్టిక తీసింది, అందులో ఒక్కో నంబరూ ఒక్కో అక్షరం. 224 అంటే నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఎ' (a), 176 అంటే ఎండ ఎన్ని డిగ్రీలో రాసేటప్పుడు పెట్టే చిన్న సున్నా. మన తెలుగు అక్షరాలన్నీ 224తోనే మొదలై వెంటనే 176 గానీ 177 గానీ వస్తాయి కాబట్టి పేజీ అంతా ఆ 'ఎ'లే బారులు తీరాయి. ఈసారి ఆ గీతలు కనిపిస్తే భయపడకండి, తెలుగు లోపల భద్రంగానే ఉంది. యూటీఎఫ్-8 అని పట్టిక ఎంచుకుని ఫైల్ మళ్లీ తెరిస్తే చాలు. అలా గీతలుగా ఉన్నప్పుడు మాత్రం సేవ్ చెయ్యొద్దు, చేస్తే ఆ గీతలే అసలు రాత అనుకుని వాటికి మళ్లీ కొత్త నంబర్లు వేసేస్తుంది, చిక్కుముడి మీద చిక్కుముడి పడుతుంది.

ఈ యూటీఎఫ్-8ని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అని ఇద్దరు 1992 సెప్టెంబర్లో ఒక సాయంత్రం, అమెరికాలో న్యూజెర్సీలో ఒక హోటల్లో తింటూ, కంచం కింద వేసే కాగితం మీద గీశారు. మీరు టిఫిన్ తింటూ కాగితం మీద గీస్తే మీ అమ్మ కేకలేస్తుంది కదా, ఈసారి ఈ సంగతి చెప్పండి. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, 224 రాగానే అది "నాతో కలిపి ముగ్గురం" అని చెప్పేస్తుంది. వెనక వచ్చే రెండూ ఎప్పుడూ 128కీ 191కీ మధ్యే ఉంటాయి, అవి ఎప్పటికీ మొదట నిలబడవు. మధ్యలో ఏ నంబరు దగ్గర కళ్లు తెరిచినా అక్షరం ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలకి మాత్రం పాత నంబర్లే ఉంచేశారు, పాత ఫైళ్లేవీ పాడవలేదు.

ఇక మార్చడం, అంటే ఫైల్‌ని ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి ఎక్కించడం. మీ నాయనమ్మ పాటలు నేను చాలా ఏళ్ల కిందట నోట్‌ప్యాడ్‌లో టైప్ చేశాను, సేవ్ చేసేటప్పుడు 'యూనికోడ్' అన్నది ఎంచుకున్నాను. దాని అసలు పేరు యూటీఎఫ్-16, వేరే పట్టిక, మన అక్షరానికి రెండేసి నంబర్లు. ఫైల్ మొదట్లో 255, 254 అని రెండు ఎక్కువుంటాయి, ఏ వరసలో చదవాలో చెప్పే గుర్తు అది. ఇప్పుడు మీ బాబాయి నా కంప్యూటర్లో విండోస్ బదులు ఉబుంటు అనేది వేశాడు, అందులో కమాండ్లు టైప్ చేసే నల్ల తెర తెరిచి ఒక్క లైను కొడితే చాలు. ముందు ఐ-సి-ఓ-ఎన్-వి, అంటే ఐకాన్వ్, పట్టిక మార్చే కమాండ్ అది. తర్వాత హైఫన్ ఎఫ్, దాని పక్కన ఇప్పుడున్న పట్టిక పేరు యూటీఎఫ్-16. తర్వాత హైఫన్ టీ, కావలసిన పట్టిక పేరు యూటీఎఫ్-8. తర్వాత పాత ఫైల్ పేరు, కుడివైపు తిరిగిన బాణం గుర్తు, కొత్త ఫైల్ పేరు. ఎంటర్ కొడితే రెప్పపాటులో అయిపోతుంది. పోస్టాఫీసులో ఒక చేతిలో పాత పట్టిక, ఇంకో చేతిలో కొత్త పట్టిక పట్టుకుని గుమాస్తా నంబర్లు తిరగరాసినట్టే, ఎన్ని వందల పేజీలైనా వరస వదలకుండా.

కొత్త ఫైల్‌కి పాత పేరే పెట్టొద్దర్రా. బాణం గుర్తు చూడగానే కంప్యూటర్ ముందు ఆ పేరున్న ఫైల్ని ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే ఐకాన్వ్ చదవడానికి వెళ్తుంది, అక్కడ చదవడానికి ఏమీ మిగలదు. ఏ పట్టికో తెలియకపోతే 'ఫైల్' అనే కమాండ్‌కి హైఫన్ ఐ పెట్టి అడగండి, అయితే అది చెప్పేది ఊహే, కళ్లతో కూడా చూసుకోవాలి. ఇచ్చిన పట్టికలో ఇమడని నంబరు వస్తే ఐకాన్వ్ అక్కడే ఆగి, ఎన్నో చోట ఆగిందో చెప్తుంది. హైఫన్ సీ పెడితే ఆగకుండా అలాంటివి వదిలేసి పోతుంది, నేను మాత్రం ఎప్పుడూ పెట్టను. ఒక వరస వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు కదా.

ఒక్క సంగతి చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. నాయనమ్మ దంపుళ్ల పాటలు కొన్ని వేరే ఫైల్లో ఉండేవి. ఒకరోజు సేవ్ చేస్తుంటే ఏదో హెచ్చరిక వచ్చింది, చదవకుండా సరే కొట్టేశాను. అది యాన్సీ అనే పట్టికలో సేవ్ అయింది, అందులో తెలుగు అక్షరాలకి చోటే లేదు, అందుకని ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్నార్థకం వేసింది. ప్రశ్నార్థకం నంబరు 63. ఆ ఫైల్లో ఇప్పుడు ఉన్నవి 63లే, ఏ 63 ఇదివరకు ఏ అక్షరంగా ఉండేదో ఏ ఐకాన్వూ చెప్పలేదు. నాయనమ్మ లేదు అడగడానికి. గీతలు కనిపిస్తే బాగుచెయ్యొచ్చు, ప్రశ్నార్థకాలైతే లేదు, ఇది గుర్తుపెట్టుకోండి.

బుజ్జీ, కన్నడమా అన్నావు కదా, దాంట్లో ఒక గమ్మత్తుంది. యూనికోడ్ అంటే నిజానికి అన్ని లిపుల అక్షరాలకీ ఒక్కో నంబరిచ్చిన పెద్ద పట్టిక, ఆ నంబర్లని బైట్లుగా విడగొట్టి రాసే పద్ధతులే యూటీఎఫ్-8, యూటీఎఫ్-16. అందులో తెలుగు 'క' నంబరు 3093, కన్నడ 'క' 3221, సరిగ్గా 128 ఎక్కువ. 'గ' అయినా 'మ' అయినా 'ర' అయినా ఇదే దూరం. హిందీ 'క' 2325, అంటే మనకంటే 768 తక్కువ, అది కూడా 128కి ఆరు రెట్లు. ఎందుకంటే అంతకుముందు మన దేశంలో ఇస్కీ అని ఒక పట్టిక చేశారు, అన్ని లిపుల 'క'కీ ఒకే నంబరు. ఆ వరసనే యూనికోడ్ వాళ్లు తీసుకుని ఒక్కో లిపికీ 128 గదుల ఇల్లు కట్టారు. ఏ ఇంట్లోకి వెళ్లినా 'క' అదే గదిలో ఉంటుంది. ఇది తెలిసిన రోజు నేను కాగితం మీద చాలాసేపు తీసివేతలు చేస్తూ కూర్చున్నాను, ప్రతిసారీ 128 వస్తుంటే ఎంత సంతోషమేసిందో.

పాటల ఫైల్ మళ్లీ పంపుతున్నా, ఈసారి పట్టిక పేరు ఫైల్ పేరులోనే రాశాను. ఈలోపు మీరొక పని చెయ్యండి. ఎవరి పేరు వాళ్లు తెలుగులో ఒక ఫైల్లో టైప్ చేసి, నల్ల తెరలో ఓ-డి అని కొట్టి, హైఫన్ టీ-యు-1 పెట్టి, ఆ ఫైల్ పేరు ఇవ్వండి, నంబర్లు వరసగా కనిపిస్తాయి, ఎడమవైపు వరస లెక్క వదిలేసి మిగతావి చూడండి. 224లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఆ నంబర్లు మాత్రమే పోస్టుకార్డు మీద రాసి నాకు పంపండి, పేరు రాయొద్దు. కింద మూలన యూటీఎఫ్-8 అని మాత్రం రాయండి.

మీ తాతయ్య