యుద్ధట్యాంకుల నమూనాలు: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో మా మేడ మీది గదిలో 1/35 కొలతతో, అంటే అసలులో ముప్పై ఐదో వంతుగా, యుద్ధట్యాంకుల నమూనాలు కట్టడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. చూడవచ్చిన బంధువులూ, కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రాళ్లూ మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అసలు మట్టి, అసలు ఇసుక అంటిస్తే నమూనా సహజంగా కనిపిస్తుంది.

వాస్తవం: ఈ కొలతలో ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది. గోదావరి ఇసుక తెచ్చి ట్రాకులకు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప గొలుసు పట్టాలకు) పూస్తే ట్యాంకు బురదలో నడిచినట్టు ఉండదు, కంకరగుట్టలోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది. నేనూ మా చేలోని ఒండ్రుమట్టే వాడతాను. అయితే దాన్ని ఎండబెట్టి, కల్వంలో నూరి, పాత పంచె గుడ్డతో రెండుసార్లు వస్త్రగాళితం పట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో కుంచెకు ఎత్తుకుని కొద్దికొద్దిగా అద్దుతాను. ఆరాక మట్టి రంగు వెలిసినట్టవుతుంది కనుక పైన పల్చగా ముదురు గోధుమరంగు పట్టించక తప్పదు. కోనసీమలో కొబ్బరిపీచుకు కొదవ లేదని దాన్నే గడ్డిగా నాటేవారు ఉన్నారు. కానీ 0.3 మిల్లీమీటర్ల పీచు ఆ పక్కన సెంటీమీటరు మందపు కర్రలా నిలబడుతుంది. అరటినారను గోటితో చీల్చుకుంటే నయం. లాగుడు తాడు సంగతీ అంతే. అసలుది పాతిక మిల్లీమీటర్ల ఉక్కుతాడైతే మనకు కావలసింది 0.7 మిల్లీమీటర్లు. రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు చుట్టే దుకాణంలో పారేసే సన్నని రాగితీగను మూడు పేటలుగా పేనితే, కిట్‌లో ఇచ్చే దారం కన్నా బాగా వస్తుంది.

అపోహ: రంగు తెల్లబారిందంటే డబ్బా నకిలీది.

వాస్తవం: ఈ మాట నేనే ఒకప్పుడు గట్టిగా నమ్మాను. వినాయక చవితికి ముందు, రెండు రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు, టి-55 అనే రష్యన్ ట్యాంకు నమూనా టరెట్‌కు (పైన తిరిగే ఫిరంగి గూడుకు) లాకర్ రంగు, అంటే థిన్నర్‌తో పల్చబరిచి చిమ్మే త్వరగా ఆరే రంగు, కొట్టాను. పది నిమిషాల్లో ఆకుపచ్చ మీద విబూది రాసినట్టు తెల్లని పొర లేచింది. రంగు అమ్మినాయనతో అనవసరంగా మాటామాటా అనుకున్నాను. తప్పు డబ్బాది కాదు, తేమది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరై, ఆరీ ఆరని రంగులో చిక్కుకుంటుంది. రంగు చిమ్మడానికి గాలి అందించే కంప్రెసర్ గొట్టంలో చేరే నీరు దీనికి తోడు, కాబట్టి ఆ నీటిని పట్టి ఆపే వాటర్ ట్రాప్ బిగించడం, పని ముగిశాక కంప్రెసర్ గాలితొట్టిలోని నీటిని వదిలేయడం మన డెల్టాలో తప్పనిసరి. నిదానంగా ఆరే థిన్నర్ కూడా మేలు చేస్తుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మంచు విడిచాక, మధ్యాహ్నం పూట రంగు వేసుకోవడం అన్నిటికన్నా సుఖం.

అపోహ: పాత ట్యాంకుకు ఒళ్లంతా ఎర్రతుప్పు ఉండాలి.

వాస్తవం: బల్లకట్టు ఇనుపరేకును చూడండి. మూలలు తుప్పుతో ఉంటాయి, చక్రాలు రాసుకునే చోటు మెరుస్తూ ఉంటుంది. ట్యాంకు ట్రాకుల్లోనూ నేలకూ చక్రాలకూ రాపిడి తగిలే ముఖాలు ఉక్కురంగులో మెరవాలి, సందులు గోధుమరంగులో ఉండాలి. పలుచని పొగగొట్టం రేకుకు తుప్పు బాగా పడుతుంది. చక్రాల రబ్బరు అంచుకు తుప్పు పూసిన నమూనాలు కూడా చూశాను! సైనికులను మోసే అమెరికన్ ట్రాకుల బండి ఎం-113 కవచం అల్యూమినియంది, దానికి ఎర్రతుప్పు రానే రాదు.

అపోహ: ట్యాంకు బరువైనది కనుక బురదలో పొట్టదాకా దిగిపోవాలి.

వాస్తవం: బరువు ఎంత అన్నదానితో పాటు అది ఎంత నేల మీద పరుచుకుంది అన్నదీ చూడాలి. చైన్ మిషన్ అని మనం పిలిచే వరికోత యంత్రం తడిచేలో నడిచేది ఈ లెక్క మీదే. సుమారు 14 టన్నుల పీటీ-76 (నీటిలోనూ ఈదే రష్యన్ తేలిక ట్యాంకు) నేల మీద చదరపు సెంటీమీటరుకు వేసే ఒత్తిడి దాదాపు అరకిలో మాత్రమే. నడిచే మనిషి ఒంటికాలి మీద నిలిచిన క్షణంలో వేసేదీ ఇంచుమించు అంతే. నీటిలో అది రెండు జలధారల తోపుతో గంటకు సుమారు 10 కిలోమీటర్లు ఈదుతుంది. 1971 నవంబరులో పాకిస్తాన్ సేనతో జరిగిన గరీబ్‌పూర్ పోరులో మన సైన్యపు ట్యాంకుల దళం 45 కావల్రీ నడిపినవి ఇవే. ఈ బండిని పొట్టదాకా బురదలో పాతిపెట్టడం దానికి అన్యాయం.

అపోహ: అసలు పాత ట్యాంకు పునరుద్ధరణ అంటే తుప్పు గీకి మెరుగు పెట్టడం, నడిచే ట్యాంకంటే అన్నీ అసలు భాగాలే ఉండటం.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131 అనే రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ట్యాంకు ట్యునీషియాలో 1943 ఏప్రిల్‌లో పట్టుబడింది. అది నేడు నడుస్తోంది, కానీ దానిలో ఉన్నది పుట్టుకతో వచ్చిన హెచ్‌ఎల్-210 ఇంజను కాదు, మరో ట్యాంకు నుంచి తీసిన హెచ్‌ఎల్-230. పాత రంగు పొరలు కూడా సాక్ష్యాలే. వాటిని ఫొటోలు తీసి, ఒక్కో పొర కనపడేలా చిన్న చోటులో రుద్ది నమోదు చేశాకే మిగతా పని. ఇసుక కొట్టించేస్తే ఆ చరిత్ర మళ్లీ దొరకదు. ఆ కాలపు గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్, చీకటిలో వెలిగే డయళ్లలో రేడియం ఉండవచ్చు. ఎప్పుడైనా అలాంటి వాహనంలోకి దిగే అవకాశం దొరికితే గీకుడు బిళ్ల బయటే పెట్టి, కెమెరా, కొలత టేపు పట్టుకుని, మంచి మాస్కు కట్టుకుని దిగండి. డయళ్ల అద్దాలు మాత్రం విప్పవద్దు.