పార్టీ ఇచ్చే ఓటు, రాజ్యాంగం ఇవ్వని ఓటు

2024 మార్చి 5న, పసిఫిక్ సముద్రంలోని అమెరికా భూభాగమైన అమెరికన్ సమోవా దీవుల్లో జరిగిన డెమోక్రటిక్ పార్టీ కాకస్‌లో (అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు పార్టీ జరిపే ఓటింగ్ సమావేశం) పోలైనవి 91 ఓట్లు. పదవిలో ఉన్న అధ్యక్షుడు జో బైడెన్‌కు 40 వస్తే, అమెరికాలోనే చాలామందికి తెలియని వ్యాపారి జేసన్ పామర్‌కు 51 వచ్చాయి. ఆ దీవుల్లో అడుగైనా పెట్టకుండా, వీడియో సమావేశాలతోనే ఆయన ప్రచారం చేశారు. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభకు దక్కిన ప్రతినిధులు మాత్రం చెరి ముగ్గురే. ప్రపంచమంతా దీన్ని వింత వార్తగా చదివింది. ఆ ఓటర్లకు నవంబరు ఎన్నికలో ఓటే లేదన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు.

దీని మూలాలు 1899లో ఉన్నాయి. ఆ ఏడాది ఒప్పందంతో సమోవా దీవులను జర్మనీ, అమెరికా పంచుకున్నాయి. 1900లో టుటుయిలా పెద్దలు, 1904లో మనువా పెద్దలు తమ దీవులను అమెరికాకు రాసిచ్చారు. అమెరికాకు కావలసింది పాగో పాగో రేవు. 1951 దాకా అక్కడ నౌకాదళానిదే పాలన. ఈలోగా, 1901లో మొదలైన ‘ఇన్సులర్ కేసుల’ తీర్పుల్లో సుప్రీంకోర్టు ఇలాంటి భూభాగాలకు రాజ్యాంగం మొత్తంగా వర్తించదని చెప్పింది. అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టర్లు రాష్ట్రాలకే ఉంటారు. రాజధాని వాషింగ్టన్‌కు సైతం 1961లో 23వ సవరణ చేస్తేగానీ ఆ హక్కు రాలేదు.

అభ్యర్థి ఎంపిక పార్టీ సొంత వ్యవహారం కాబట్టి దీవులకు అక్కడ చోటు దొరికింది. ఆ చోటు చిన్నదే అయినా లెక్కలోకి వస్తుంది. 2008లో పసిఫిక్‌లోని మరో అమెరికా భూభాగం గువామ్‌లో హిల్లరీ క్లింటన్‌పై ఒబామా గెలిచింది 7 ఓట్లతో. 2020లో కోట్లు కుమ్మరించిన మైఖేల్ బ్లూంబర్గ్ నెగ్గిన ఒకే ఒక్క చోటు అమెరికన్ సమోవా. అక్కడే పుట్టిన తులసీ గబ్బార్డ్‌ది రెండో స్థానం.

సమోవన్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. గువామ్‌లో పుట్టినవారు పౌరులు, ఏదైనా రాష్ట్రానికి వెళ్లి స్థిరపడితే ఓటు వేయవచ్చు. అమెరికన్ సమోవాలో పుట్టినవారిని చట్టం ‘జాతీయులు’ అంటుందే తప్ప పౌరులు అనదు. రాష్ట్రానికి వెళ్లినా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. అమెరికా సైన్యంలో ఎంతోమంది సేవ చేసే సమాజానికి ఇది అన్యాయమే. అయితే పుట్టుకతో పౌరసత్వం కోరిన కేసులో అమెరికన్ సమోవా ప్రభుత్వమే అడ్డుచెప్పింది. ఉమ్మడి భూములు, మటాయిల (కుటుంబ పెద్దల) పెద్దరికం చెదిరిపోతాయని దాని భయం. వలసపాలనలో భూమి పోగొట్టుకున్నవాళ్లను చూసిన సమాజానికి ఆ భయం ఉండటం సహజం. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు నిరాకరించింది. ఒకవేళ పౌరసత్వం వచ్చినా దీవుల్లోనే ఉండేవారికి అధ్యక్ష ఓటు రాదు. వాషింగ్టన్‌కు చేసినట్టు రాజ్యాంగ సవరణ చేయడమో, రాష్ట్ర హోదా ఇవ్వడమో జరగాలి.