అయిదో ఎద్దు

శ్రీకాకుళం,
సంక్రాంతి వెళ్లిన ఆదివారం.

చిరంజీవి మేఘనకు, చిరంజీవి తరుణ్‌కు తాతయ్య ఆశీస్సులు.

ముక్కనుమ మర్నాడు మిమ్మల్ని విశాఖ విమానాశ్రయంలో దింపి, నేను ఇంటికి చేరి, భోజనం చేసి నడుం వాల్చేసరికి, మీరింకా అక్కడే కూర్చుని ఉన్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం అయిదింటికి వెళ్లాల్సిన విమానం రాత్రి తొమ్మిదిన్నరకు గానీ కదలలేదు. ఆ మధ్యలోనే కదా మేఘన ఫోన్ లాక్కుని, "తాతయ్యా, అంత పెద్ద కంపెనీ దగ్గర ఒక్క స్పేర్ విమానం కూడా ఉండదా?" అని అడిగింది. ఉంటుందమ్మా. అది ఎక్కడుంటుందో, పండగల్లో ఏం చేస్తుంటుందో చెప్పాలంటే మాత్రం మా నాన్నగారి పశువుల శాల దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు ఆమదాలవలస దగ్గర, నాగావళి ఒడ్డున. మాకు రెండు ఏర్లు, అంటే రెండు నాగళ్లూ నాలుగెడ్లూ ఉండేవి. వాటికి తోడు అయిదోది ఒక బోడెద్దు. కాడికి కుడివైపు నడిచే అలవాటున్న ఎద్దును ఎడమవైపు కడితే మామూలుగా మొరాయిస్తుంది. ఈ బోడెద్దు ఏ వైపు కట్టినా, దేనితో జత చేసినా తలొంచుకుని నడిచేది. చవక టికెట్ల విమాన సంస్థలు చాలావరకు ఒకే రకం విమానాలు, ఎయిర్‌బస్ ఏ320 గానీ బోయింగ్ 737 గానీ, పెట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఒకటి మూలపడితే దాని స్థానంలో మరేదైనా కట్టవచ్చు. అవే 180 సీట్లు, అవే విడిభాగాలు, అదే పైలట్. ఏ320 నడిపే పైలట్‌ను వేరే శిక్షణ ఇవ్వకుండా 737లో కూర్చోబెట్టడానికి వీల్లేదు.

బోడెద్దు మీద మా మామ్మకు ఒకటే సణుగుడు: "తినే రోజులు నెలకు ముప్పై, దున్నే రోజులు మూడు." విమానాల్లోనూ చాలా భాగం అద్దెకు తెచ్చుకున్నవే. ఎగిరినా ఎగరకపోయినా నెల తిరిగేసరికి అద్దె కట్టాలి కాబట్టి, వాటిని రోజుకు పన్నెండు గంటల దాకా గాలిలోనే ఉంచాలని చూస్తారు. దిగిన అరగంటలో జనాన్ని దింపి, ఊడ్చి, మళ్లీ ఎక్కించి పంపేస్తారు. అలా తెల్లవారుజామున బయలుదేరిన విమానం నాలుగైదు ఊళ్లు తిరిగి సాయంత్రానికి విశాఖ వస్తుంది. పుష్యమాసపు మంచులో ఢిల్లీలో పొద్దున పోయిన గంట, రాత్రి దాకా దాని తోకకు వేలాడుతూనే ఉంటుంది.

మరి స్పేర్ విమానం? దాన్ని విశాఖ లాంటి చోట ఉంచరు. విమానాలు ఎక్కువగా వచ్చిపోయే హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీ వంటి చోట్ల ఉంచుతారు. అక్కడి నుంచి ఖాళీగా ఎగిరి రావాలంటే ఇంధనం ఖర్చు, గంటకు పైగా సమయం, తోలే మనిషి కూడా కావాలి. పైలట్లు రోజుకు ఎన్ని గంటలు పని చేయవచ్చో నిబంధన ఉంది. ఆ గడువు దాటితే విమానం సిద్ధంగా ఉన్నా వాళ్లు ఎక్కకూడదు. ఎక్కకపోవడమే మనకు మంచిది.

అసలు చిక్కు పండగల్లో వస్తుంది. నాకు పదేళ్లప్పుడు, శ్రావణమాసంలో, కాలువకు నీళ్లు వదలగానే ఊరంతా ఒకేసారి ఉభాలకు, అంటే వరి నాట్లకు, దిగింది. అద్దె బాగా పలికే రోజులు కావడంతో నాన్నగారు బోడెద్దును పక్కింటి రైతుకిచ్చారు. మర్నాడే మడి దమ్ము చేస్తుంటే మా ఎర్రెద్దు గిట్టలో గాజుపెంకు దిగింది. అది ముందు కాలు ఎత్తిపెట్టి గట్టు మీద నిలబడిపోయింది. పీకిన నారు కట్టలు ఎండలో వాడుతున్నాయి. నాట్లు వేయడానికి వచ్చిన పదకొండుమంది ఆడవాళ్లు కొంగులు తలమీద కప్పుకుని వరసగా కూర్చున్నారు. మూడు మళ్ల అవతల బోడెద్దు పక్కింటి వాళ్ల బురదలో నడుస్తూ మాకు కనిపిస్తూనే ఉంది. నేను పరుగెత్తి అడిగితే, "సాయంత్రం దాకా నాదేరా బాబూ" అన్నాడాయన. నాన్నగారు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నారు గానీ ఒక్క మాట అనలేదు.

ఆయన్ను నేను తప్పుపట్టను. ఊరికే మేసే ఎద్దుకు నాలుగు డబ్బులు వస్తాయంటే ఎవరికి ఆశ పుట్టదు? సంక్రాంతికి, దసరాకు టికెట్టు ధర మూడింతలైనప్పుడు విమాన సంస్థ వారికీ అదే ఆశ పుడుతుంది. స్పేర్‌గా ఉంచిన దానికీ ఒక ప్రయాణం రాసేస్తారు. ఎక్కువ అవసరమయ్యే రోజుల్లోనే అది ఖాళీగా దొరకదు. మీరు కూర్చున్న ఆ నాలుగున్నర గంటలూ బోడెద్దు ఎవరి మడిలో ఉందో మరి.

ఆ మరుసటి ఏటి నుంచి నాన్నగారు చీపురుపల్లి వైపు ఉన్న మా మేనమామకు కబురు పెట్టేవారు. వాళ్లది మెట్ట. తొలకరికే చోడి, వేరుశనగ చల్లేసి, మాకు ఉభాలు వచ్చేనాటికి తీరికగా ఉండేవారు. ఏరును మనిషితో సహా పంపేవారు. విమానాల వాళ్లు దీన్నే వెట్ లీజ్ అంటారు: విమానం, పైలట్లు, మరమ్మతు, బీమా ఇచ్చేవారివి, ఇంధనం, విమానాశ్రయ రుసుములు తీసుకునేవారివి. కెనడాలో సన్‌వింగ్ అనే సంస్థకు చలికాలం రద్దీ ఉండేది, మంచు తప్పించుకుని జనం మెక్సికో పోయేవారు. బ్రిటన్‌లోని టూయీకి ఎండాకాలం రద్దీ. అందువల్ల ఏళ్ల తరబడి రుతువును బట్టి విమానాలు సముద్రం దాటి అటూ ఇటూ మారేవి. మన ఇండిగో కూడా 2023లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి బోయింగ్ 777లు ఇలాగే తెచ్చి, ఢిల్లీ నుంచి ఇస్తాంబుల్‌కు నడిపింది. ఇక పెద్ద మరమ్మతులు, దుక్కికి ముందే ఎడ్లకు నాడాలు కొట్టించినట్టు, రద్దీ లేని వానాకాలంలోనే వీలైనన్ని ముగించుకుంటారు.

ఈసారి శమ్షాబాద్‌లో కిటికీ పక్క సీటు దొరికితే, పక్కన నిలిచిన విమానాల తోక దగ్గర అక్షరాలు చూడండి. మన దేశానివైతే వీటీ అని మొదలై మూడు అక్షరాలు ఉంటాయి. టర్కీవైతే టీసీ అని ఉంటుంది. ఎవరూ ఎక్కకుండా, దిగకుండా ఓ మూల ఊరికే నిలబడి ఉన్నది కనిపిస్తే, దాని అక్షరాలు రాసుకుని నాకు పంపండి.

మీ తాతయ్య