బేరికాయ కస్టర్డ్: అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో బేకరీ నడుపుతున్నాను, తీరిక ఉన్నప్పుడు బేకింగ్ నేర్పుతాను కూడా. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా భయపడేది కేక్‌కి కాదు, కస్టర్డ్‌కి. గుడ్లు, పాలు, పంచదార, రెండు బేరికాయలు, ఇంతే సరుకు. బీటర్ అక్కర్లేదు, క్రీమ్ అక్కర్లేదు. అయినా "విరిగిపోయిందండీ", "అడుగున నీళ్లు ఊరాయండీ", "నీచు వాసనొచ్చిందండీ" అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒకరు కాయని తప్పు పడతారు, ఒకరు గేదె పాలని, ఇంకొకరు ఓవెన్‌ని. నేను చూసినంతలో చాలాసార్లు అసలు కారణం ఒక్కటే, వేడి ఎక్కువవడం.

ముందు కొలత చెప్పేస్తాను, తర్వాత చెప్పేవి దీన్ని బట్టే ఉంటాయి. మాగిన బేరికాయలు రెండు, గుడ్లు మూడు, పాలు 400 మిల్లీలీటర్లు, పంచదార 75 గ్రాములు, చిటికెడు ఉప్పు, కొద్దిగా వెనిలా లేదా యాలకుల పొడి. వెడల్పాటి గాజు గిన్నెలో ముక్కలు పరిచి, పాలు-గుడ్ల మిశ్రమం వడగట్టి పోసి, ఆ గిన్నెని వేడినీళ్లున్న ట్రేలో పెట్టి 160 డిగ్రీల దగ్గర 40 నుంచి 50 నిమిషాలు బేక్ చేయాలి.

అపోహ: కస్టర్డ్ అంటే కస్టర్డ్ పౌడరే

"పౌడర్ వెయ్యకపోతే గట్టిపడుద్దాండీ?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. గట్టిపడుతుంది. అసలు కస్టర్డ్ గుడ్డుతోనే పుట్టింది. పౌడర్ వచ్చింది 1837లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు, తన భార్యకు గుడ్డు పడదని, గుడ్డు లేకుండా మొక్కజొన్న పిండితో దాన్ని తయారుచేశాడు. ఇప్పటికీ ఆ డబ్బాలో ఉండేది ప్రధానంగా కార్న్‌ఫ్లోర్, రంగు, వాసన.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పౌడర్ కస్టర్డ్‌ని బాగా ఉడకనివ్వాలి, లేకపోతే పచ్చి పిండి రుచి పోదు. గుడ్డు కస్టర్డ్ అలా కాదు, అది మరిగిందంటే పాడైనట్టే. మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి ఫ్రూట్ సలాడ్‌కి పౌడర్ కస్టర్డ్ కాచడం అలవాటు. ఆ అలవాటు చేతిలో ఉండి, ఇక్కడా వేడి పెంచేస్తారు. చాలా ఇళ్లలో తేడా వచ్చేది ఈ ఒక్క చోటే.

అపోహ: ఇది మన చేతికి అలవాటు లేని వంట

ఈ మాట మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. గేదె ఈనిన ఇంట్లో జున్ను వండటం తెలిసినవాళ్లకి కస్టర్డ్ ఎప్పుడో వచ్చేసినట్టే.

ఆలోచించండి. జున్నుపాలలో బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి, ఆ గిన్నెని నీళ్లున్న ఇంకో గిన్నెలో దించి, ఆవిరి మీద వండుతాం. అందులో గుడ్డు లేదు, పిండి లేదు. అయినా కత్తితో ముక్కలు కోసేంతగా గట్టిపడుతుంది. ఎందుకంటే ఆ పాలలో మామూలు పాల కంటే చాలా ఎక్కువ ప్రోటీన్ ఉంటుంది. వేడి తగిలేసరికి ఆ ప్రోటీన్ ఒకదానికొకటి పెనవేసుకుని, నీటిని మధ్యలో పట్టి ఉంచుతుంది. కస్టర్డ్‌లో అదే పని గుడ్డులోని ప్రోటీన్ చేస్తుంది.

జున్ను వండే పెద్దవాళ్ల చేతులు గమనించండి. తొలి పూట పాలైతే మామూలు పాలు కలుపుతారు, లేకపోతే మరీ బిగుసుకుపోతుందని. కస్టర్డ్‌లో గుడ్లు ఎక్కువైనా అంతే. కింద నీళ్లు తెర్లనివ్వరు, మంట పెంచితే లోపల తొర్రలు పడి నీళ్లు వదులుతుందని వాళ్లకి తెలుసు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలు పైన పడకుండా గిన్నె మీద పళ్లెం బోర్లిస్తారు. ఈ మూడు జాగ్రత్తలూ బేరికాయ కస్టర్డ్‌కి అక్షరాలా పనికొస్తాయి. లెక్కల్లో చెప్పాలంటే, పాలు, పంచదార కలిసిన గుడ్డు 80 నుంచి 85 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అది దాటి ఇంకా వేడెక్కితే ప్రోటీన్ మరీ బిగుసుకుని, పట్టి ఉంచిన నీటిని బయటికి నెట్టేస్తుంది. మనం "విరిగిపోయింది" అనుకునేది దాన్నే.

అపోహ: టూత్‌పిక్ గుచ్చితే శుభ్రంగా రావాలి, అప్పుడే దించాలి

అది కేక్‌కి. కస్టర్డ్ నడిమధ్యలో గుచ్చిన పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. చూడాల్సింది వేరే. చేతికి గుడ్డ పట్టుకుని గిన్నె అంచుని మెల్లిగా కదపండి. అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు దాకా కదలకుండా నిలబడాలి, మధ్య భాగం మాత్రం వణకాలి. వణకడం వేరు, అలలా పారడం వేరు. మధ్యలో ద్రవం పారుతూ కనిపిస్తే ఇంకో ఐదారు నిమిషాలు ఉంచండి. పారకుండా మధ్య భాగమంతా ఒక్క ముక్కగా వణికితే అప్పుడే తీసేయండి. బయటికి తీశాక కూడా గిన్నెలో ఉన్న వేడికి మధ్య భాగం గట్టిపడుతూనే ఉంటుంది. వేడినీళ్ల ట్రేలోంచి కూడా వెంటనే తీసేయాలి, ఆ నీళ్లలోనే వదిలేస్తే ఉడుకుతూనే ఉంటుంది. చల్లారి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉన్నాక కానీ అసలు గట్టిదనం తెలియదు.

ఈ వణుకు చూడటం కంటికి అలవాటైతే ఇక టైమర్‌తో పని ఉండదు. ఇళ్లలో వాడే ఓటీజీల్లో, అంటే చిన్న కరెంటు ఓవెన్లలో, మీద తిప్పిన అంకెకీ లోపలి వేడికీ బాగా తేడా ఉండవచ్చు. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టుకోండి, ఖరీదు ఎక్కువేం కాదు. పై రాడ్ మరీ ఎర్రగా కాలుతుంటే గిన్నె మీద ఫాయిల్ వదులుగా కప్పండి.

అపోహ: కాయ గట్టిగా ఉన్నా పర్వాలేదు, ఓవెన్‌లో అదే మెత్తబడుతుంది

మెత్తబడుతుంది, కానీ తియ్యబడదు, వాసనా రాదు. బేరికాయని చెట్టు మీద పండనివ్వరు. ముదిరాక గట్టిగా ఉండగానే కోసి, తర్వాత మాగబెడతారు. చెట్టు మీదే వదిలేస్తే లోపల గింజల చుట్టూ ముందే మెత్తబడి, పైకి బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే కాయ పొట్ట నొక్కి చూడటం వల్ల ప్రయోజనం లేదు. తొడిమ పక్కన, మెడ దగ్గర బొటనవేలితో కొద్దిగా నొక్కండి. అక్కడ కాస్త లొంగితే వంటకి సిద్ధమైనట్టు. పొట్ట కూడా మెత్తగా ఉంటే అప్పటికి దాటిపోయినట్టు. అలాంటి కాయ ఓవెన్‌లో గుజ్జైపోతుంది.

మన వైపు బేరితోటలు లేవు. వానాకాలంలో బళ్ల మీదకి వచ్చేవి ఎక్కువగా చల్లటి ప్రాంతాల నుంచి, కశ్మీర్, హిమాచల్ లాంటి చోట్ల నుంచి వచ్చినవే. పెద్ద షాపుల్లో స్టిక్కర్ ఉన్న విదేశీ కాయలూ దొరుకుతాయి. బళ్ల మీద రెండు రకాలు చూస్తాం. ఒకటి కరకరలాడే గట్టి రకం, దాని గుజ్జులో పంటికి ఇసుకలా తగిలే రేణువులుంటాయి. ఎంత మాగబెట్టినా అది వెన్నలా మెత్తబడదు, తినడానికి బాగుంటుంది కానీ కస్టర్డ్‌కి నేను తీసుకోను. రెండోది సన్నటి మెడ, కింద గుండ్రటి పొట్ట ఉన్న మెత్తటి రకం, ఉత్తరాదిన బబ్బుగోషా అంటారు. కస్టర్డ్‌కి అదే తీసుకోండి.

మాగబెట్టడానికి మన దగ్గర కొదవేం లేదు. రావులపాలెం నుంచి వచ్చిన అరటిపళ్లు ఇంట్లో ఉండనే ఉంటాయి. బాగా పండిన అరటిపండొకటి, బేరికాయలు కలిపి కాగితం సంచిలో మూతి మడిచి పెట్టండి. అరటి వదిలే ఇథిలీన్ వాయువుకి కాయలు త్వరగా మాగుతాయి. మన ఉక్కపోతలో రెండు రోజుల్లోనే తయారైపోవచ్చు, కాబట్టి పూటపూటా మెడ నొక్కి చూస్తూ ఉండండి. మాగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఇంకో మాట. మాగిన కాయలో నీరు ఎక్కువ. ముక్కలు అలాగే వేస్తే ఆ నీరు కస్టర్డ్‌లోకి దిగి అడుగున ఊరుతుంది. తొక్క తీసి, అర సెంటీమీటరు మందాన కోసి, పెనం మీద చెంచాడు వెన్నతో రెండు మూడు నిమిషాలు వేయించి, చల్లార్చి పరచండి. చిన్న పనే, కానీ తేడా పెద్దది.

అపోహ: బేరికాయ పులుపుకి పాలు విరుగుతాయి

పాలల్లో పండ్లు కలపకూడదన్న మాట మన ఇళ్లలో గట్టిగా నాటుకుపోయింది. పచ్చి పైనాపిల్, బొప్పాయిల విషయంలో దానికి ఆధారం ఉంది. వాటిలో ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములుంటాయి, అందుకే పాలు చేదెక్కుతాయి. బేరికాయతో ఆ ఇబ్బంది లేదు. పులుపు కూడా తక్కువే, కొన్ని ముక్కల వల్ల అన్ని పాలు విరిగేంత ఉండదు. విరిగినట్టు కనిపిస్తే ఓవెన్ వేడి చూసుకోండి. లేదా మరిగే పాలు ఒక్కసారిగా గుడ్లలో పోశారేమో గుర్తు తెచ్చుకోండి. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా ఉంటే చాలు, గుడ్లు కలుపుతూ కొంచెం కొంచెంగా పోయాలి.

అపోహ: గేదె పాలు బేకింగ్‌కి పనికిరావు

నిజానికి మనకి దొరికిన వరం అవే. గేదె పాలలో వెన్న శాతం సాధారణంగా 6 పైనే ఉంటుంది, అందుకే క్రీమ్ కొనక్కర్లేదు. పాలు కాచి చల్లార్చినప్పుడు కట్టే మీగడ మాత్రం తీసేయండి, లేకపోతే కస్టర్డ్‌లో పొరలు తగులుతాయి. ప్యాకెట్ పాలైతే ఫుల్ క్రీమ్ రకం తీసుకోండి.

అపోహ: నీచు వాసన పోవాలంటే వెనిలా ఎక్కువ వెయ్యాలి

వెనిలా వాసనని కప్పుతుందే కానీ పోగొట్టదు. గుడ్డు తెల్లసొనలో గంధకం ఉంటుంది, అతిగా వేడెక్కితే అది వాయువుగా బయటికొచ్చి ఆ వాసన పుడుతుంది. అంటే మళ్లీ వేడి దగ్గరికే వచ్చాం. తాజా గుడ్లు వాడండి. తణుకు, అనపర్తి వైపు కోళ్ల ఫారాలు దగ్గరే కాబట్టి మనకి అదేం కష్టం కాదు. మూడు గుడ్లలో ఒకదాని తెల్లసొన తీసేసి, దాని బదులు ఒక పచ్చసొన ఎక్కువ వేస్తే ఇంకా మృదువుగా వస్తుంది. మిశ్రమాన్ని టీ వడగట్టే జాలీలో వడపోస్తే గుడ్డులోని తెల్లటి తీగలు పైనే ఆగిపోతాయి. నురగ రాకుండా మెల్లిగా కలపండి.

అపోహ: ఓవెన్ లేకపోతే అవ్వదు

అవుతుంది. ఇడ్లీ పాత్రలో సిమ్ మీద, గిన్నెకి ఫాయిల్ కట్టి, మూత కొద్దిగా ఎడంగా పెట్టి వండండి. పైన బంగారు రంగు రాదు, రుచిలో లోటుండదు. ప్రెషర్ కుక్కర్‌లో వెయిట్ పెట్టి మాత్రం వండొద్దు, ఆ ఒత్తిడిలో వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది.

ఓవెన్‌లో నీళ్ల ట్రే లేకుండా చేయాలనుకుంటే మిశ్రమంలో 40 గ్రాముల మైదా కలపండి. పిండి ఉంటే గుడ్డు అంత త్వరగా విరగదు. ఫ్రాన్స్‌లోని లిమూజాన్ ప్రాంతం వాళ్లు చెర్రీలతో చేసే క్లఫూటీ ఈ పద్ధతే. 180 డిగ్రీల దగ్గర బేక్ చేసి గోరువెచ్చగా తింటారు. బేరికాయతో కూడా చక్కగా కుదురుతుంది.

అపోహ: ముక్కలు నల్లబడితే పాడైనట్టే

కాదు, గాలి తగిలితే వచ్చే రంగు అది. నిమ్మరసం నాలుగు చుక్కలు వేసిన నీళ్లలో ముంచి తీసి, తడి ఒత్తేయండి.

అపోహ: తీపి వస్తువే కదా, బయట ఉన్నా ఏం కాదు

ఆత్రేయపురం పూతరేకులు రోజుల తరబడి నిలవుంటాయంటే వాటిలో తడి లేదు కనుక. కస్టర్డ్ దాదాపు అంతా తడే, పైగా పాలు, గుడ్లు. అందులో మనం వేసే పంచదార నిల్వ ఉంచేంత కాదు. బయట రెండు గంటలకి మించి ఉంచకండి. ఎండాకాలంలో, కరెంటు పోయే రోజుల్లో గంటే గడువు. ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచితే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత బేరి ముక్కల చుట్టూ నీరు చేరుతుంది. చుట్టాలకి సాయంత్రం పెట్టాలంటే పొద్దున్నే బేక్ చేసి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే ముందు మాత్రమే బయటికి తీయండి.